కొత్తగానే ఉన్న బొమ్మలు

“ఏ పిల్లో పరిగెత్తుకుంటూ వచ్చి ఆ అద్దాల బీరువా మీద పడితే, అద్దం పగిలి కంట్లో గుచ్చుకుంటే, ఎవరు జవాబు చెప్తారు?” అంది కంగారక్క, టిఫిను డబ్బా మూత బిగిస్తూ.

ఎవరూ పడలేదు. ఏదీ పగల్లేదు. పిల్లలింకా ఎవరిళ్ళలో వాళ్ళు నిద్రలోనే ఉన్నారు. అయినా ఆ మాట నోట్లోంచి రాగానే ఆమెకి అద్దం పగిలిన చప్పుడు వినపడింది, కన్ను పట్టుకుని ఏడుస్తున్న పిల్ల కనపడింది, ఆ పిల్ల తల్లి మొహం కనపడింది, తనని మధ్యలో నిలబెట్టి అడుగుతున్న పెద్దమనుషులు కనపడ్డారు. ఇదంతా చూసేసరికి డబ్బా మూత వంకరగా పట్టేసి, ఎటు తిప్పినా రావడం లేదు.

“ముందు పడనీ,” అన్నాడు భర్త బూట్ల లేసు కట్టుకుంటూ. “పడ్డాక భయపడు. నువ్విలా అడ్వాన్సుగా భయపడిపోతే పడేవాళ్ళకి పనేం మిగుల్తుంది?”

“జీతం లేదు కానీ భయం మాత్రం డ్యూటీ లెక్కన పడుతుంది దీనికి,” అంది అత్తగారు మంచం మీంచి.

ఇద్దరూ నవ్వుకున్నారు. కంగారక్క కూడా నవ్వినట్టు పెదవులు కదిపింది. ఆ ఇంట్లో తల్లీకొడుకులు ఒక మాట మీదికి వచ్చేది ఆమె మీద వేళాకోళం చేసేటప్పుడే. వాళ్ళ మధ్య ఆ కాస్త సఖ్యత తన వల్లేగా నిలబడుతోంది అని ఒక్కోసారి అనుకునేది కూడా.

కంగారక్క అన్న పేరు వీధిలోవాళ్ళు పెట్టింది. వాన పడితే గోడ నానుతుందేమో అని, ఎండ కాస్తే పిల్లలకి జ్వరాలొస్తాయేమో అని, ఏ ఇబ్బందీ లేకుండా రోజు గడిస్తే ఇంత బాగా గడిచిందేమిటా అని కంగారు పడే మనిషికి అంతకంటే సరైన పేరు దొరకదని అందరికీ అనిపించింది. మొదట్లో నొచ్చుకునేది. తర్వాత అలవాటైపోయింది. కన్నవాళ్ళు పెట్టిన పేరుతో ఆమెని పిలిచేది ఇప్పుడు ఆసుపత్రిలో చీటీ రాసేవాళ్ళే.

ఆమె రోజూ పొద్దున్నే తన నాలుగేళ్ళ కూతుర్ని చంకనేసుకుని వెళ్ళేది ఆ వీధి చివర ప్లైవుడ్ షాపు వెనక గదికి. ఒకప్పుడది గోడౌను. చుట్టుపక్కల ఆడవాళ్ళు చాలామంది ప్యాకింగ్ కంపెనీలో పనిచేస్తారు. వాళ్ళు పనికెళ్తే పసిపిల్లల్ని చూసేది ఆ పసిపిల్లల కంటే కాస్త పెద్ద పిల్లలు. ఒక ఆరేళ్ళ పిల్ల తమ్ముణ్ణి ఎత్తుకుని, మోయలేక, వాడితో సహా మెట్ల మీంచి దొర్లింది. దొర్లింది బేకరీ ముందే. బేకరీ ఆవిడ ఆ ఇద్దరికీ కట్లు కట్టించి, మర్నాడు వెళ్ళి ప్లైవుడ్ షాపాయన ముందు కూర్చుని, “మీ గోడౌను సగం ఖాళీగానే ఉంది కదా,” అందట. అలా మొదలైంది. గది ఆయనది. పూటపూటకీ బ్రెడ్డూ పాలూ ఆవిడవి. టీచరు జీతం మందుల షాపాయనా ఇంకొందరు కొట్లవాళ్ళూ కలిసి వేసుకుంటారు. ఎవరూ కోటీశ్వరులు కారు. షట్టరు తీస్తే బేరం, దించితే ఇల్లు, అంతే. అయినా వీధిలో పిల్లలకి కూర్చోవడానికి ఒక చోటు దొరికింది, మాట్లాడటానికి ఒక టీచరు వచ్చింది.

ఇక పిల్లల్ని కడగడానికీ తుడవడానికీ తినిపించడానికీ మనిషి కావాలి కదా అని ప్రశ్న వచ్చింది. దానికి జీతం ఎందుకు, తల్లులే వంతులేసుకుని తలా ఒక రోజు వస్తే సరిపోతుంది అన్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ వంతుకొచ్చిన రోజు కంపెనీలో కూలి పోతుంది. “అక్కా, నువ్వు ఇంట్లోనే ఉంటావుగా, ఈ ఒక్క రోజుకి నా వంతు చూడవా,” అని ఒకామె అడిగింది. తర్వాత ఇంకొకామె. కంగారక్క ఇంట్లోనే ఉంటుంది నిజమే. ఇంట్లో కూర్చుని చొక్కాలకి కాజాలు కుడుతుంది, అది పని కింద ఎవరికీ కనపడదు. ఒక్కొక్క వంతూ వచ్చి వచ్చి చివరికి వారమంతా ఆమె వంతే అయింది. ఎప్పుడైందో ఆమెకే గుర్తులేదు.

ఎవరో దాత కొన్న బొమ్మలు మొదట్లో ఓ అరలో పెట్టి ఉండేవి. చెక్క బండ్లు, రంగుల దిమ్మలు, గుర్రాలు, ఒకదాన్లో ఒకటి ఇమిడే కప్పులు, ముక్కలు కలిపి బొమ్మ చేసే పలకలు. మొదటి నెలలోనే చెక్క బాతు ముక్కు విరిగింది. ఆ పూటే ఆమె విరిగిన ముక్కుని గుడ్డలో మూట కట్టుకుని, కోర్టుకెళ్తున్నట్టు వెళ్ళి ప్లైవుడ్ ఆయన ముందు నిలబడింది. ఆయనది ఏదీ వెంటనే చెప్పే తత్వం కాదు. పలక రేటెంత అని అడిగినా పలకని ఓసారి నిమిరి, అంచు చూసి, బయటికి చూసి, అప్పుడు చెప్తాడు. అడిగినవాళ్ళు ఈలోపు టీ తాగి వస్తారు. ఆ రోజూ అలాగే బాతు ముక్కుని అటూ ఇటూ తిప్పి, “జాగ్రత్తగా చూసుకోండమ్మా,” అన్నాడు. అంతే అన్నాడు. దానికే ఆమె ఇంటికి నడిచే దారంతా, గది తీసేసుకుంటాడేమో, బాతు వల్ల పద్నాలుగు మంది పిల్లలు మళ్ళీ రోడ్డున పడతారేమో అనుకుంది. వారం తిరక్కుండా బొమ్మలకి బీరువా కావాలని తనే అడిగింది. అద్దాల తలుపులు పెట్టించారు. తాళం వేశారు.

ఆరు నెలలకోసారి దాతలందరూ కలిసి చూడటానికి వస్తారు. ఆ తర్వాత వచ్చినప్పుడు మందుల షాపాయన బీరువా ముందు నిలబడి మురిసిపోయాడు. “అన్నీ కొత్తగానే ఉన్నాయే. నిన్న కొన్నట్టున్నాయి. ఎవరమ్మా చూసుకునేది?” అని అడిగాడు. టీచరమ్మాయి ఆమె వైపు చూపించింది. “తాళం చెవి మీ దగ్గరే ఉంచండి. తల్లి మనసుతో చేస్తున్నారు. దానికి మేం వెల కట్టగలమా?” అన్నాడాయన. అందరూ చప్పట్లు కొట్టారు. కంగారక్క కోసం ఎవరైనా చప్పట్లు కొట్టడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఆ సంతోషంలో వాళ్ళు వెల కట్టలేమంటూ నిజంగానే కట్టకుండా వెళ్ళిపోయారన్న సంగతి ఆమెకి తట్టలేదు. భర్తకి తట్టింది. “తాళం ఇచ్చారు. బాగుంది. తాళంతో కూరొండు,” అన్నాడు.

ఆయన్ని తప్పు పట్టడానికీ లేదు. పార్సిల్ వ్యాను తోలి తోలి నడుం పట్టేసి వస్తాడు. వచ్చి, “నీకేం, చల్లగా పిల్లల మధ్య కూర్చుని వచ్చావు,” అంటాడు. కూర్చోవడం. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకి ఆ గదిలో తను ఎప్పుడు కూర్చున్నానా అని వెతుక్కోవాలనిపిస్తుంది. పొద్దున ఊడుస్తుంది, నీళ్ళు పడుతుంది, తడిసిన లాగులు మారుస్తుంది, వాటిని ఉతుకుతుంది, పాలు చల్లారుస్తుంది, బ్రెడ్డు అంచులు తినని వాడికి అంచులు తీస్తుంది, అంచులే తినే పిల్లకి ఆ అంచులు ఇస్తుంది, కరిచేవాణ్ణి కరిపించుకునేవాడి నుంచి విడదీస్తుంది, నిద్రపోయేవాళ్ళని జోకొడుతుంది, నిద్రపోని ఒక్కడు మిగతావాళ్ళని లేపకుండా వాణ్ణి భుజానేసుకుని తిరుగుతుంది. ఇంటికొచ్చి వంట. తర్వాత కాజాలు. మధ్యలో అత్తగారి గొంతు. “ఊళ్ళో ముక్కులన్నీ తుడిచి వస్తుంది, ఇంట్లో ముసలిదానికి మంచినీళ్ళు ఇవ్వాలంటే నడుం నొప్పి. మేం ఆరుగురిని పెంచాం. ఏ ఒక్కడైనా వచ్చి జీతం కావాలా అని అడిగాడా?” అడగలేదు, నిజమే. ఆమెనీ ఎవరూ అడగలేదు. ఆమెకి పదకొండేళ్ళప్పుడు తమ్ముడు పుట్టాడు, అమ్మ పనికెళ్ళాలి, ఈమె బడి ఆగిపోయింది. చదువు మాన్పించాం అని ఇంట్లో ఒక్కరూ అనలేదు. “తమ్ముణ్ణి ఎత్తుకుంటోంది,” అన్నారు. ఎవరడిగినా ఆ మాటే చెప్పారు. అలా చెప్తే అందులో బడి కనపడదు.

జీతం అడగాలన్న ఆలోచన ఆమెకి రాకపోలేదు. రాగానే దాని వెనకే కంగారు వచ్చేది. అడిగితే, మీ అమ్మాయిని ఉచితంగానే చూస్తున్నాం కదా అంటారేమో. ఆశ ఎక్కువైందంటారేమో. వేరే మనిషిని పెట్టి, ఆ మనిషి పిల్లల్ని కొడితే? అక్కడిదాకా వెళ్ళి ఆగిపోయేది.

టీచరమ్మాయి మాత్రం తాళం గురించి అప్పుడప్పుడూ గొణిగేది. “అక్కా, వాళ్ళు ముట్టుకోకుండా వాళ్ళకేం తెలుస్తుంది? ఈ వయసులో చేతులే వాళ్ళకి పుస్తకాలు.” 

“విరిగితే?”

“విరుగుతాయి.”

“అంత తేలిగ్గా ఎలా అంటావమ్మా? నీకు పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు,” అనేది కంగారక్క. ఆ రెంటికీ బొమ్మలు విరగడానికీ సంబంధమేమిటో ఆమెకీ తెలీదు. వాదనలో ఏమీ దొరకనప్పుడు అత్తగారు వాడే మాట అది.

చివరికి వారానికోసారి బీరువా ముందు చాప పరిచి, పిల్లల్ని వరుసగా కూర్చోబెట్టి, అద్దంలోంచి చూపిస్తూ, ఇది గుర్రం, ఇది బండి, అని చెప్పడానికి ఇద్దరూ రాజీ పడ్డారు. ముట్టుకోకుండా ఉండటానికి చేతులు వెనక్కి కట్టుకోవాలని నేర్పింది కంగారక్కే. పిల్లలు ఎంత బాగా నేర్చుకున్నారంటే, బీరువా దగ్గరికి రాగానే చేతులు వాటంతటవే వెనక్కి వెళ్ళేవి. “అవి ఎవరివమ్మా?” అని ఒకరోజు కూతురు అడిగింది. “మనవే,” అంది. ఆ పిల్ల ఇంకేదో అడగబోయి, తల్లి మొహం చూసి మానేసింది.

ఈసారి దాతలు రావడానికి మూడు రోజుల ముందు టీచరమ్మాయి ఒక కబురు తెచ్చింది. ప్లైవుడ్ షాపులో సరుకు పెరిగింది, పలకలు రోడ్డు మీద పెట్టాల్సి వస్తోంది, గది వెనక్కి తీసుకోవాలా వద్దా అని ఆయన ఆలోచిస్తున్నాడు, వచ్చినప్పుడు చెప్తానన్నాడు. కంగారక్క ఆ రోజంతా బొమ్మలు తుడిచింది. శుభ్రంగా ఉన్నవాటినే మళ్ళీ తుడిచింది.

మర్నాడు వాన. పొద్దున్నే ఫోను. “అక్కా, నాకు జ్వరం, లేవలేకపోతున్నా,” అంది టీచరమ్మాయి. తల్లులు అప్పటికే పిల్లల్ని గుమ్మంలో దింపి, తలల మీద కవర్లు వేసుకుని కంపెనీకి పరిగెత్తారు. పద్నాలుగు మందీ, తనూ. కరెంటు పోయింది. ఉరుము ఉరిమింది. కిటికీ దగ్గర కొత్తగా చేరిన పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. ఒకరిని చూసి ఒకరు, ఇంకొకరిని చూసి మరొకరు అందుకున్నారు. ఎందుకు ఏడుస్తున్నారో వాళ్ళకీ తెలీదు. కరిచేవాడు కరవడం మొదలుపెట్టాడు. కంగారక్క పాడింది, బుజ్జగించింది, ఇద్దరిని ఎత్తుకుంది. మూడోవాణ్ణి ఎత్తుకోవడానికి చెయ్యి లేదు. తల్లులకి ఫోను చేద్దామా అనుకుంది. చేస్తే వాళ్ళకి ఆ రోజు కూలి పోతుంది. ఇంకొకసారి అయితే కంపెనీవాళ్ళు మనిషినే మార్చేస్తారు. పిల్లలు ఏడ్చి ఏడ్చి ఊపిరి ఆగిపోతే? వానకి తలుపు బిగుసుకుపోయి లోపలే ఉండిపోతే? చివరికి, ఒక్క కప్పు, ఒక్కటే, ఆ కొత్త పిల్ల చేతికి ఇద్దామని తాళం తీసింది.

ఒక్కటే ఇచ్చింది. పిల్ల ఏడుపు ఆపి కప్పులోకి చూసింది. దాని పక్కవాడు చెయ్యి చాపాడు. ఇంకొకటి ఇచ్చింది. ఆ తర్వాత ఆమె ఇవ్వలేదు, వాళ్ళే తీసుకున్నారు. “జాగ్రత్త, జాగ్రత్త,” అంటూ గది ఈ మూల నుంచి ఆ మూలకి తిరిగింది. అని అని నోరు ఎండిపోయింది. మంచినీళ్ళు తాగుదామని ఆగింది. ఆగి చూస్తే గదిలో ఎవరూ ఏడవడం లేదు.

కరిచేవాడు దిమ్మ మీద దిమ్మ పెడుతున్నాడు. పడిపోతే మళ్ళీ పెడుతున్నాడు. కోపం రావాల్సిన చోట వాడికి కోపం రావడం లేదు. ఇంతవరకూ ఎవరితోనూ కలవని ఇద్దరు ఆడపిల్లలు గుర్రాన్ని బండిలో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. “జరగండి, జరగండి, సీరియస్,” అంటున్నారు. ఆమె కూతురు ముక్కల పలక ముందు బోర్లా పడుకుని, ఒక ముక్కని అన్ని వైపులా తిప్పి చూసి, ఏ వైపుకీ పట్టకపోతే తల గోక్కుని, వదలకుండా మళ్ళీ తిప్పుతోంది. ఇంట్లో చెంచా చేతిలోంచి జారితేనే అమ్మ వైపు భయంగా చూసే పిల్ల. తన కంగారంతా అద్దంలో చూపినట్టు చూపించే పిల్ల. ఆ పిల్ల ముక్క సరిగ్గా పట్టగానే తల్లిని పిలవలేదు, ఎవరినీ పిలవలేదు. తనలో తనే నవ్వుకుని రెండో ముక్క తీసుకుంది.

కంగారక్క గోడకి ఆనుకుని కూర్చుంది. ఆ గదిలో కూర్చుంది. కొత్త పిల్ల వచ్చి ఖాళీ కప్పు చేతికిచ్చి, “టీ. వేడి,” అంది. ఆమె ఊదుకుని తాగింది. బయట వాన పడుతూనే ఉంది. లోపల ఏమవుతుందో అన్న ఆలోచన కోసం అలవాటుగా వెతుక్కుంది కానీ, అది ఎక్కడా దొరకలేదు.

సాయంత్రం సర్దేటప్పుడు దొరికింది. బండికి ఒక చక్రం లేదు. గుర్రం కాలు విరిగింది, పాపం ఆసుపత్రికి వెళ్ళాక విరిగింది. ఒక ముక్కని ఎవరో నమిలారు. కప్పులకి సొట్టలు. అన్నీ ఓ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది.

“గమ్ పెట్టి అతికించు,” అన్నాడు భర్త. “వాళ్ళు ముట్టుకుని చూస్తారా ఏమన్నా? అద్దంలోంచి చూసి వెళ్ళిపోతారు.”

“ఊరి సొత్తు మన నెత్తి మీద వద్దని ముందే చెప్పాను,” అంది అత్తగారు.

కంగారక్క వంటింట్లో కూర్చుని గమ్ ట్యూబు మూత తీసింది. గుర్రం కాలు పెట్టి నొక్కి పట్టుకుంది. ఇలా నొక్కి పట్టుకోవడం తనకి కొత్త కాదనిపించింది. తల్లీకొడుకులకి మాట పడకపోతే మధ్యలో తను నొక్కి పట్టుకుంది. తమ్ముడు బడిలో మొదటి మార్కు తెచ్చుకున్నప్పుడు, వాడి సంచీ సర్దుతూ, గొంతులోకి వచ్చిందాన్ని నొక్కి పట్టుకుంది. పైకి అతుకు కనపడకూడదు, వచ్చినవాళ్ళు అద్దంలోంచి చూసి బాగుందనాలి. దానికి గమ్ కూడా తన కాజాల డబ్బుతోనే. అప్పుడే కూతురు వచ్చి పక్కన నిలబడింది. “అమ్మా, రేపు మళ్ళీ ఆడుకోవచ్చా?”

“వద్దమ్మా. ఎల్లుండి పెద్దవాళ్ళు వస్తారు.”

ఆ పిల్ల గుర్రం వైపు చూస్తూనే రెండు చేతులూ మెల్లగా వెనక్కి పెట్టుకుంది.

కంగారక్క ఆ చేతుల వైపు చూసింది. ఆ పిల్లని ఎవరూ చేతులు కట్టుకోమనలేదు. అక్కడ బీరువా కూడా లేదు. తను పెళ్ళై వచ్చిన కొత్తలో ఈ వంటింట్లో, ఏ గిన్నె ముడితే ఎవరేమంటారో అని, గోడకి ఆనుకుని సరిగ్గా ఇలాగే నిలబడేది. అది తనకి ఎవరు నేర్పారో తెలీదు. దీనికి నేర్పింది మాత్రం తనే. పైసా తీసుకోకుండా, ఎంతో శ్రద్ధగా, చప్పట్లు కూడా కొట్టించుకుని నేర్పింది. ఆమె గుర్రాన్ని కింద పెట్టింది. గమ్ ఇంకా ఆరలేదు, కాలు ఊడి పక్కకి పడింది. మళ్ళీ పెట్టలేదు. కూతురి రెండు చేతులూ ముందుకి లాగి, వాటిలో మూడు కాళ్ళ గుర్రాన్ని పెట్టింది.

“ఎల్లుండి వాళ్ళని జీతం అడుగుతాను,” అంది రాత్రి వడ్డించేటప్పుడు.

భర్త ముద్ద ఆపాడు. “బొమ్మలు విరగ్గొట్టి జీతం అడుగుతావా? బాగుంది టైమింగు. అసలే గది తీసేసుకుంటాడంటున్నారు. ఉన్నది కూడా పోతుంది.”

“ఉన్నదేంటో చెప్పండి,” అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. ఆయన కంచం వైపు చూసి, మంచినీళ్ళు తాగాడు.

వాళ్ళొచ్చే రోజు పొద్దున ఆమె వంటింట్లోకి వెళ్ళేసరికి టిఫిను డబ్బాలు కట్టి ఉన్నాయి. అత్తగారు పొయ్యి తుడుస్తోంది. ఎన్నేళ్ళుగానో ఆ చేతికి పొయ్యి గుడ్డ అంటలేదు. కోడలి వైపు తిరక్కుండానే, “అడిగేదేదో గట్టిగా అడుగు. నీ మాట నీకే వినపడదు,” అంది.

దాతలు వచ్చేసరికి చాప బీరువా ముందు లేదు, గది మధ్యలో ఉంది. బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. అడుగు పెట్టడానికి చోటు లేకుండా బొమ్మలూ పిల్లలూ ఉన్నారు. టీచరమ్మాయి జ్వరం తగ్గి, నీరసంగా ఉన్నా వచ్చింది. రాగానే ఆ తలుపులు చూసి కంగారక్క భుజం పట్టుకుని ఓసారి నొక్కింది. కంగారక్క మాత్రం కరిచేవాడి వైపే చూస్తూ నిలబడింది. వీళ్ళలో ఎవరైనా ఇప్పుడే ఎవరినైనా కరిస్తే? లోపల ఆ పాత కంగారు మళ్ళీ మొదలైంది. మొదలైనా సరే, చెయ్యాల్సింది చెయ్యొచ్చని ఆమెకి ఈ మధ్యే తెలిసింది.

మందుల షాపాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. “అయ్యయ్యో, ఇదేంటమ్మా? పోయినసారి అన్నీ కొత్తగా ఉన్నాయి కదా.”

“పోయినసారి ఎవరూ ఆడుకోలేదండీ,” అంది కంగారక్క.

బేకరీ ఆవిడ ఫక్కున నవ్వింది. నవ్వి, చెప్పులు విడిచి, నేరుగా చాప మీదికొచ్చి పిల్లల మధ్య కూలబడింది. “ఈ టీ ఎవరిదే, నాకూ ఒక కప్పు పొయ్యండి,” అంది. ప్లైవుడ్ ఆయన గోడలూ పైకప్పూ చూశాడు. ఎన్ని పలకలు పడతాయో లెక్కేస్తున్నాడనుకుంది కంగారక్క. ఈలోపు కొత్త పిల్ల లేచి ఆయన దగ్గరికి నడిచి వెళ్ళింది. చేతిలో ఉన్న మూడు చక్రాల బండిని ఆయన చేతిలో పెట్టి, “బాగుచెయ్యి,” అంది. అని, ఆయన బాగుచేసేస్తాడన్నట్టు అక్కడే నిలబడింది.

“అవన్నీ నా చేతుల మీదే విరిగాయండీ,” అంది కంగారక్క. గట్టిగానే అంది. “మొన్న వాన రోజు నేనే తాళం తీశాను. ఇంకా విరుగుతాయి కూడా. ఏడాదంతా కొత్తగా ఉన్నాయంటే అది పిల్లల గది కాదు, బొమ్మల షాపే. మీరు ఇంకేమైనా ఇవ్వాలనుకుంటే విరిగినా అడగనివి ఇవ్వండి.” ఊపిరి తీసుకుంది. ఇక్కడ ఆపేస్తే సరిపోతుందని లోపల ఒక గొంతు చెప్పింది. ఆ గొంతు ఆమెకి బాగా తెలిసిందే. “ఇంకొకటి. తల్లుల వంతులని రాసుకున్నారు గానీ, ఇక్కడ రెండేళ్ళ నుంచి రోజూ నేనే చేస్తున్నాను. వాళ్ళు కంపెనీకి పోయేది పని అయితే నేను చేసేదీ పనే. నాకు జీతం కావాలి. ఇవ్వలేకపోతే వచ్చే నెల నుంచి నేను రాను. మా అమ్మాయిని మాత్రం పంపిస్తాను, అందరి పిల్లల్లాగే.”

“అమ్మా, మీరు చేసేది తల్లి మనసుతో చేస్తున్నారు,” అన్నాడు మందుల షాపాయన మెత్తగా. “దానికి మేం వెల కట్టగలమా?”

“వెల కట్టొద్దండీ. జీతం ఇవ్వండి.”

మందుల షాపాయన ప్లైవుడ్ ఆయన వైపు చూశాడు. బేకరీ ఆవిడ ఆట కప్పు పెదవుల దగ్గర పెట్టుకుని, దాని పైనించి ఆయన్నే చూసింది. టీచరమ్మాయి ఆయన్నే చూసింది. ఆయన బండిని తిరగేశాడు. చక్రం ఊడిన చోట వేలు పెట్టి, మేకు రంధ్రం చూశాడు. మిగతా చక్రాలు ఒక్కొక్కటీ తిప్పి, తిరిగేంతసేపూ తిరగనిచ్చి, ఆగాక ఇంకోటి తిప్పాడు. బయట ఎవరో పలకలు దించుతున్న చప్పుడు. పిల్లలు దిమ్మలు పేర్చి పడేసుకుంటున్న చప్పుడు. కంగారక్క నిలబడే ఉంది. ఇలాంటి చోట రావాల్సిన దృశ్యాలన్నీ కళ్ళ ముందుకి వస్తాయని ఎదురుచూసింది. తాళం పడిన గది, రోడ్డు మీద పిల్లలు, వీధంతా తనని అనే మాటలు. ఒక్కొక్కటీ వచ్చాయి, చూసింది, పోయాయి. ఆయన కాదంటే కాజాలున్నాయి. గది పోతే బేకరీ ఆవిడతో కలిసి ఇంకో గది అడుగుతుంది, ఇంకో షాపు ముందు నిలబడుతుంది. అడగడమంటే ఇంతేనా, దీనికా ఇన్నేళ్ళు ఊపిరి బిగబట్టింది అనుకునేసరికి, ఒళ్ళంతా బరువు దించినట్టు వదులైంది. ఆయన ఏం చెప్పినా వినగలననిపించింది. చెప్పకపోయినా పరవాలేదనిపించింది.

ఆయన బండిని చొక్కా జేబులో పెట్టబోయి, పట్టకపోతే చంకలో పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

“గది ఎక్కడికీ పోదమ్మా,” అన్నాడు. “మీ జీతం ఎప్పట్నించి మొదలుపెట్టాలో చెప్పండి. మొదటి రోజు నుంచీ అంటారా, కాస్త టైమివ్వాలి మరి.”